రష్యన్ జానపద నాటకానికి కాస్ట్యూమ్ స్కెచ్‌లు: కిరీటం దగ్గర మొదలుపెట్టకండి

మీరు అడిగింది ఇదీ: ఫైనలియర్ ప్రాజెక్టుకి రష్యన్ రచయిత ఒస్త్రోవ్‌స్కీ నాటకం ‘స్నెగూరొచ్కా’ (మంచు పిల్ల) తీసుకున్నారు, పన్నెండు కాస్ట్యూమ్ స్కెచ్‌లు ఇవ్వాలి, నెట్‌లో ఎంత వెతికినా అదే తెలుపు-నీలం కోటు, నుదుటి మీద అట్టలా లేచే అదే కొకోష్నిక్ కిరీటం, అవే ఎర్రపూల గౌన్లు వస్తున్నాయి, వీటిలోంచి మీదంటూ ఒక డిజైన్ ఎలా తీయాలో తెలియక టెన్షన్ పడుతున్నారు. రష్యన్ కథల మంత్రగత్తె బాబా యగాని కూడా చేర్చొచ్చా అని చివర్లో అడిగారు. నేను నాటకాలకి దుస్తులు గీస్తాను, దగ్గరుండి కుట్టిస్తాను కూడా, కాబట్టి టైలర్ వైపు నుంచి కూడా మాట్లాడతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఆ ‘అన్నీ ఒకేలా ఉన్నాయి’ సంగతి. మీకు కనిపిస్తున్నవాటిలో సగానికి పైగా నాటకం దుస్తులే కావు, న్యూ ఇయర్ పార్టీ దుస్తులు. సోవియట్ దేశంలో కొన్నేళ్లు పక్కన పెట్టేసిన న్యూ ఇయర్ చెట్టుని 1935 చివర్లో మళ్లీ అనుమతించారు, ఆ తర్వాత పిల్లల వేడుకల్లో మంచు తాత పక్కన మనవరాలిగా స్నెగూరొచ్కా స్థిరపడిపోయింది. కోటు, కిరీటం, జడ, అంతే, స్కూల్ ఫంక్షన్‌కి సరిపోయే వేషం. ఒస్త్రోవ్‌స్కీ 1873లో రాసిన పిల్ల వేరు. ఆమె మనవరాలు కాదు, మంచుకీ వసంతానికీ పుట్టిన కూతురు, మనుషుల మధ్య బతకాలని అడవిలోంచి వచ్చి, ప్రేమించడం చేతనైన రోజే ఎండ తగిలి కరిగిపోతుంది. మీరు వెతుకుతున్న పేరు ఒకటే గానీ మనిషి వేరు. ఇప్పుడు దీనికి తోడు ఏఐ బొమ్మలు కూడా వచ్చి పడ్డాయి, వాటిలో ఉత్తర రష్యా సరఫాన్ (చేతుల్లేని పొడుగు గౌను) మీద దక్షిణ రష్యా తలపాగా, దానికి యూరప్ రాణుల నడుం, అన్నీ కలిపి కొడుతున్నాయి. చూడటానికి బాగుంటాయి, కానీ గీసిన గీతకి కారణం ఏమిటని మీ ఎగ్జామినర్ అడిగితే మీ దగ్గర జవాబుండదు.

కాబట్టి మొదటి పని బొమ్మలు మూసేసి నాటకం తెరవడం. చదువుతూ బట్టల ఊసు వచ్చిన ప్రతి చోటా గీత గీయండి. ప్రోలోగ్ చివర్లో బొబీల్ అనే నిరుపేద ఆ పిల్లని అడవిలో మొదటిసారి చూసినప్పుడు, గొప్పింటి అమ్మాయి అనుకుంటూ ఆమె ఒంటి మీదున్నవి లెక్కపెట్టినట్టు చెప్తాడు: గొర్రెతోలు చిన్న కోటు, బూట్లు, చేతి తొడుగులు. అంటే మీ మొదటి కాస్ట్యూమ్ రచయితే ఇచ్చేశాడు. అందులో కిరీటం లేదు చూడండి. రెండో అంకం తెర లేచేసరికి బెరెందేయ్ రాజు బంగారు పీట మీద కూచుని తన భవనం స్తంభానికి తనే రంగులు వేస్తుంటాడు. ఈ ఒక్క వాక్యం నాకు రాజు కాస్ట్యూమ్ మొత్తం ఇచ్చేస్తుంది, ఎందుకంటే మోకాళ్ల దాకా వేలాడే కోటు స్లీవ్‌లతో, మెడ తిప్పనివ్వని జరీ కాలర్‌తో ఎవరూ బ్రష్ పట్టుకోలేరు. స్లీవ్‌లు పైకి మడిచి కట్టుకునే ఏర్పాటు ఉండాలి, ఎక్కడో ఓ మరక ఉన్నా తప్పులేదు. స్కెచ్‌లో రాజుని సింహాసనం మీద నిటారుగా గీస్తే అది అందరి రాజు, బ్రష్‌తో గీస్తే అది బెరెందేయ్.

ఇంకో మంచి సంగతి, కథ జరిగే కాలం ‘చరిత్రకి ముందు’ అని రచయితే రాసిపెట్టాడు. కాబట్టి ఫలానా శతాబ్దం బొత్తాం అప్పట్లో లేదని మిమ్మల్ని ఎవరూ పట్టుకోలేరు. కానీ దీన్ని ఏదైనా వేసేయొచ్చు అనే లైసెన్సు అనుకోవద్దు, ఎందుకంటే ఆ పల్లె బట్టలకి కాలంతో సంబంధం లేని ఒక పద్ధతి ఉంది, అసలు నేను చెప్పదలుచుకున్నది దాని గురించే.

రష్యన్ పల్లెలో ఆడవాళ్ల దుస్తులు ముందుగా చెప్పేది ఆమెకి పెళ్లయిందా లేదా అన్నది. పెళ్లికాని పిల్లకి ఒక్క జడ, తలమీద పట్టీయో రిబ్బనో, నడినెత్తి కనిపిస్తూ ఉంటుంది. పెళ్లయిందంటే జుట్టు రెండు జడలై తలపాగా కిందకి పూర్తిగా వెళ్లిపోతుంది, ఒక్క వెంట్రుక బయటికి రాకూడదు. ఇప్పుడందరూ అమ్మాయిల నెత్తిన పెడుతున్న కొకోష్నిక్ నిజానికి పెళ్లయిన ఆడవాళ్లు పండగకి పెట్టుకునేది, వెనక జుట్టంతా మూసేస్తుంది. ముందు అట్ట, వెనక వేలాడే జడ అనే పద్ధతి రాజదర్బారు ఫ్యాషన్లూ స్టేజీ కలిసి తయారుచేసిన కలగాపులగం. మీరు కొకోష్నిక్ అసలు వాడొద్దనడం లేదు, ఎవరి తల మీద ఎందుకు పెడుతున్నారో తెలిసి పెట్టండి అంటున్నాను. స్నెగూరొచ్కాకి నడినెత్తి తెరిచి ఉన్న పట్టీ చాలు. కుపావా పెళ్లి కుదిరి, నమ్మినవాడి చేతిలో మోసపోయిన పిల్ల కదా, ఆమె ఏ అంకంలో ఏ తలకట్టుతో వస్తుందన్నది మీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం, ఒక్క మాట లేకుండా ప్రేక్షకులకి ఆమె పరిస్థితి తెలిసిపోతుంది. బొబీల్ పెళ్లాం బొబిలీఖా ఉందే, లేమిలో కూడా గొప్పలకి పోయే మనిషి, ఆమెకి దక్షిణ రష్యాలో ర్యాజాన్, తంబోవ్ వైపు పెళ్లయినవాళ్లు పెట్టుకునే కొమ్ముల తలపాగా, కిచ్కా, పెట్టండి, పాతబడి ఒక కొమ్ము వంగిపోయినట్టు గీయండి, హాల్లో నవ్వు గ్యారంటీ.

రెండోది ఆకారం. ఉత్తరాది వేషం అంటే పొడుగు చేతుల చొక్కా మీద సరఫాన్, దక్షిణాదిది చొక్కా మీద పొన్యోవా అనే గళ్ల ఉన్ని కట్టు, అది పెళ్లయిన ఆడవాళ్లదే. రెండింటిలోనూ నడుం దగ్గర నొక్కడం ఉండదు. సరఫాన్‌ని పక్కలకి ఏటవాలు ముక్కలేసి కుడతారు, ఎదమీంచి నేలదాకా గంటలా దిగుతుంది, ఒంటి వంపులేవీ కనిపించవు, పాదాలూ కనిపించవు. 1948లో నదేజ్దినా పెట్టిన బెర్యోజ్కా బృందం డాన్సు వీడియోలు చూడండి, అమ్మాయిలు నేలమీద నడవకుండా జారుతున్నట్టు ఉంటారు, చిన్న చిన్న అడుగులు, పైన పొడుగు సరఫాన్, కిటుకంతా అక్కడే ఉంది. మనవాళ్లు గీసే స్కెచ్‌లలో నేను ఎక్కువగా చూసే లోపం ఇదే, ఫ్యాషన్ క్లాసులో అలవాటైన సన్నని నడుం, తొమ్మిది తలల పొడుగు మనిషి, దానిమీద రష్యన్ ఎంబ్రాయిడరీ అతికించడం. అది రష్యన్ బోర్డర్ వేసిన పార్టీ గౌను అవుతుంది అంతే.

ఎంబ్రాయిడరీ కూడా ఎక్కడపడితే అక్కడ ఉండదు. మెడ చుట్టూ, చేతుల చివర, కింది అంచున, అంటే బట్టలో ఒంటికి దారి ఉన్న చోటల్లా ఎర్రదారం కాపలా కాస్తుంది, చెడు లోపలికి రాకుండా. చేతులెత్తిన స్త్రీ, చెట్టు, పక్షులు, గుర్రపురౌతులు, వజ్రాకారపు గళ్లు, ఇవీ ఎక్కువగా కనిపించే బొమ్మలు. నడుముకి కట్టే నేత బెల్టు కూడా అలాంటి రక్షే, అది లేకుండా నలుగురిలో తిరగడం మర్యాద కాదు. చంక కింద చతురస్రపు ముక్క వేస్తారు, తరచూ ఎర్రది, అందంతో పాటు చెయ్యి పైకెత్తినా చొక్కా పట్టేయదు. డాన్సర్లకి ఇది వరం, మీ స్కెచ్ పక్కన తప్పకుండా నోట్ రాయండి.

ఇప్పుడు నాకు ఈ కథల్లో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. మనుషులకి ఇన్ని నియమాలుంటే, మనుషులు కానివాళ్లని ఆ నియమాలు తలకిందులు చేసి గుర్తుపడతారు. లేషీ అనే అడవి దయ్యం చూడటానికి పల్లెటూరి ముసలాడిలాగే ఉంటాడు, కానీ కోటు ఎడమ కుడి తారుమారుగా వేసుకుంటాడు, నారచెప్పులు కుడిది ఎడమకి ఎడమది కుడికి తొడుక్కుంటాడు. వొద్యనోయ్ అనే నీటిదయ్యం మనుషుల్లో కలిసిపోయి సంతకి కూడా వస్తాడు, కోటు ఎడమ అంచు నుంచి మాత్రం నీళ్లు కారుతుంటాయి. రుసాల్కా అనే ఆడ నీటిదయ్యం జుట్టు విరబోసుకుని బెల్టు లేని తెల్లచొక్కాతో తిరుగుతుంది, అంటే ఒక ఆడపిల్లకి ఉండాల్సిన జడా లేదు, ఉండాల్సిన కట్టూ లేదు. మన దయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటామే, ఆ ఊహ లాంటిదే ఇదీ. కొమ్ములు, కోరలు, ఆకుపచ్చ మేకప్ ఏవీ అక్కర్లేదు.

లేషీ మీ నాటకంలోనే ఉన్నాడు, ప్రోలోగ్ మొదలయ్యేదే అతనితో. అతన్ని నాచు గుడ్డలు చుట్టిన భూతంలా గీసే ముందు, ఊళ్లోవాళ్ల కోటే తిరగేసి తొడిగిన ముసలాడిలా ఒకటి గీసి చూడండి. చివర్లో పన్నెండు బొమ్మలూ వరసగా పెడితే, మనుషులందరి కోట్లూ ఒకవైపు మూసుకుంటుంటే ఇతనిది ఒక్కటే రెండోవైపు మూసుకుంటుంది, చూసేవాళ్లకి ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది గానీ ఏమిటో వెంటనే తెలీదు. అంతకన్నా ఏం కావాలి?

ఇదే లెక్కలో స్నెగూరొచ్కాని చూడండి. ఆమె మనిషి కాదు, కానీ మనిషి కావాలనుకుంటుంది. అంటే అన్ని నియమాలూ పాటించాలని చూస్తుంది, ఎక్కడో ఒకటి కుదరదు. నేనైతే ఆమె చొక్కాకి ఊరి అమ్మాయిలందరి కుట్టే వేసి, ఎర్రదారం బదులు తెలుపు మీద తెలుపు దారంతో వేస్తాను. బొమ్మలు అవే, రక్తం లేదు. నాలుగో అంకంలో తల్లి వసంతం ఆమెకి పూలదండ ఇచ్చాకే మొదటిసారి రంగు వస్తుంది. మీరు వేరేలా చేయొచ్చు, కానీ ప్రోలోగ్ నుంచి చివరిదాకా ఆమె ఒంటి మీద ఏం మారుతుందో ఒక పద్ధతిలో ఉండాలి, కాబట్టి ఆమెకి ఒక్క స్కెచ్‌తో సరిపెట్టొద్దు, కనీసం మూడు కావాలి: అడవిలోంచి వచ్చినప్పుడు, ఊళ్లో, చివర్లో. కరిగిపోవడం ఎలా చూపిస్తారన్నది డైరెక్టర్, లైటింగ్ వాళ్లతో కూచుని తేల్చుకోవాల్సింది, అయినా మీ తరఫున ఒక ప్రతిపాదన ఉండాలి. పైపొర పల్చటి ఆర్గంజాతో చేసి, భుజాల దగ్గర ఒక్క దారం లాగితే ఊడిపోయేలా పెట్టొచ్చు, మనిషి గుంపు వెనక తప్పుకుంటే బట్ట మాత్రం నేలమీద మిగులుతుంది. అది స్కెచ్ పక్కన చిన్న డయాగ్రామ్‌గా గీయండి, వాక్యాల్లో రాస్తే టైలర్ చదవడు.

పాతవాళ్లు ఏం చేశారో చూడకుండా ముందుకి వెళ్లొద్దు, కానీ కాపీ కోసం కాదు, ఒకే నాటకాన్ని ఎంత వేరువేరుగా చూడొచ్చో తెలియడానికి. చిత్రకారుడు విక్తర్ వాస్నెత్సోవ్ సంగతి ముందు. వ్యాత్కా ప్రాంతపు పల్లె పూజారి కొడుకు, ఆ బట్టలు చూస్తూ పెరిగినవాడు. సవ్వా మామొంతోవ్ అనే రైల్వే వ్యాపారి మాస్కోలోని తన ఇంట్లో 1882లో ఈ నాటకం వేయించినప్పుడు వాస్నెత్సోవ్ డిజైన్లు చేశాడు, మంచు తాత (ఈ నాటకంలో ఆ పిల్ల తండ్రి) వేషం కూడా తనే కట్టాడు, రాజు బెరెందేయ్‌గా మామొంతోవే. తర్వాత 1885లో రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఒపెరాని మామొంతోవ్ ప్రైవేట్ కంపెనీ వేసినప్పుడు ఆ పనినే పెంచి పెద్దది చేశాడు. ఆ స్కెచ్‌లు ఇప్పుడు త్రెత్యకోవ్ గ్యాలరీలో ఉన్నాయి. వాటిలో గమనించాల్సింది, ముతక నేతబట్ట ముతకగానే కనిపిస్తుంది, పల్లెవాళ్ల చొక్కా పట్టుచొక్కా కాలేదు. మామొంతోవ్ వాళ్ల అబ్రామ్‌త్సెవో ఎస్టేట్‌లో రైతుల చెక్క సామాను, నేత, కుట్టు పోగుచేసి చిన్న మ్యూజియంలా పెట్టుకున్నారు, అంటే వస్తువుని చేత్తో పట్టుకుని చూసి గీసినవి అవి.

నికొలాయ్ రోరిక్ అనే రష్యన్ చిత్రకారుడు ఇదే కథకి చాలాసార్లు డిజైన్ చేశాడు, 1908లో పారిస్‌కి, 1920ల మొదట్లో షికాగో ఒపెరాకి. ఆయన చూపు ఇంకోలా ఉంటుంది. ఈ కథలో నాలుగైదు లోకాలు కలుస్తున్నాయంటాడు: మంచు, లేషీ, స్నెగూరొచ్కా ఉత్తరానివాళ్లు, రాజు దర్బారు బైజాంటియం (పాత తూర్పు రోమన్ సామ్రాజ్యం) ఛాయ, వ్యాపారి మిజ్గీర్ తూర్పువాడు, ఇక పిల్లనగ్రోవి ఊదే పశువుల కాపరి లేల్‌లో ఆయనకి మన కృష్ణుడు కనిపించాడు. ఇది నేను కల్పించింది కాదు, ఆయన రాసుకున్నదే. తర్వాత ఆయన కులూ లోయలో నగ్గర్‌లో స్థిరపడి 1947లో అక్కడే పోయాడు. కొడుకు స్వెతొస్లావ్ పెళ్లాడిన దేవికారాణి మన వాల్తేరులో పుట్టిన మనిషే, ఈ సంగతి సందర్భం కాకపోయినా చెప్పకుండా ఉండలేకపోయాను. మీ పనికొచ్చే ముక్క ఏమిటంటే, పన్నెండు స్కెచ్‌లనీ ఒకే ‘రష్యన్ స్టైల్’లో ముంచేయకుండా ఎవరెవరు ఏ లోకం వాళ్లో ముందే విడదీసుకోవడం. మిజ్గీర్ బయటినుంచి వచ్చిన డబ్బున్నవాడని బట్ట నేతలోనే తెలియాలి, అందరిదీ నార అయితే అతనిది పట్టు.

రోరిక్ పేరు చెప్పినప్పుడు 1913 మే 29న పారిస్‌లో గొడవ రేపిన ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ బాలే కాస్ట్యూమ్‌లు కూడా చూడండి, లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అసలువే ఉన్నాయి. ఉన్నిబట్ట మీద స్టెన్సిల్‌తో వేసిన రంగు గీతలూ వలయాలూ, కుట్టుపని కాదు. పదో వరస నుంచి చూసేవాడికి ఎంబ్రాయిడరీకీ స్టెన్సిల్‌కీ తేడా తెలీదు, బడ్జెట్‌కి మాత్రం బాగా తెలుస్తుంది. కాలేజీ ప్రొడక్షన్‌కి నేను చెప్పేది అదే, దగ్గరగా కనిపించే ఇద్దరు ముగ్గురికి కుట్టు, గుంపుకి స్టెన్సిల్ లేదా అచ్చు. రష్యన్ పల్లెల్లో కూడా నీలిమందు అద్దిన చెక్క అచ్చుల బట్ట ఉండేది, కాబట్టి పెడన అచ్చువాళ్ల దగ్గర రెండు రంగుల్లో చేయించుకున్నా మోసం కాదు, డిజైన్ మాత్రం అక్కడిది ఇవ్వండి, మన మామిడిపిందె వద్దు.

రష్యన్ స్టేజ్ డిజైనర్ లియోన్ బక్స్త్ 1910లో ‘ఫైర్‌బర్డ్’కి గీసిన పక్షి కాస్ట్యూమ్ అందరికీ తెలుసు. ఆ బాలేకి మిగతా కాస్ట్యూమ్‌లు ఎక్కువగా గొలొవీన్ అనే ఇంకో డిజైనర్‌వి, పక్షిది మాత్రం బక్స్త్‌ది. బాలే అంటే తెల్ల జాలీ పావడా అనుకునే రోజుల్లో దానికి పల్చటి పైజామా వేశాడు. ఆయన స్కెచ్‌లో మనిషి ఎప్పుడూ నిలబడి ఉండదు, తిరుగుతూ ఉంటుంది, అందుకే బట్ట ఎటు ఎగురుతుందో ముందే తెలుస్తుంది. మీ లేల్‌నీ, విదూషకులనీ అలా గీయండి, రాజునీ మంచునీ మాత్రం నిలబెట్టండి. గొంచరోవా అనే చిత్రకారిణి 1914లో ‘గోల్డెన్ కాకరెల్’కి రైతుల చవక అచ్చుబొమ్మల్లోంచి ఎరుపు, పసుపు, పెద్ద పెద్ద పూలు తీసుకుని పారిస్ కళ్లు బైర్లు కమ్మించింది, ఎరుపంటే భయపడేవాళ్లు చూడాల్సినవి. ఆమె భాగస్వామి లారియనోవ్ మాత్రం మీకు హెచ్చరిక. 1921లో ‘షూట్’ అనే బాలేకి కాస్ట్యూమ్‌లని పేము బద్దలతో బిగించి మరీ వికృతంగా, అద్భుతంగా గీశాడు, స్కెచ్‌గా అవి నాకిష్టం, కానీ వాటిలో డాన్సర్లకి ఒళ్లు కదలడమే కష్టమైంది. మ్యూజియంలో అందంగా ఉంటాయి, అదే కదా చిక్కు.

రష్యన్ జానపద కథల పుస్తకాలకి బొమ్మలు వేసిన బిలీబిన్ గురించి ఒక మాట, ఎందుకంటే మీరు పంపిన రెండు స్కెచ్‌లలో ఆయన గీత కనిపిస్తోంది. ఆయన 1902 నుంచి 1904 దాకా ఉత్తర రష్యాలో వొలొగ్దా, అర్ఖాంగెల్‌స్క్ వైపు తిరిగి పాత బట్టలు, చెక్క ఇళ్లు ఫొటోలు తీసి పోగుచేసినవాడు, 1905లో ప్రాగ్‌లో ఇదే స్నెగూరొచ్కాకి డిజైన్ చేశాడు, ఆయన జ్ఞానానికి తిరుగులేదు. కానీ ఆ నల్లటి సమానమైన అవుట్‌లైన్, లోపల చదునైన రంగు, పుస్తకం పేజీకి పుట్టిన పద్ధతి. అందులో బట్ట బరువెంతో, ఎక్కడ కుచ్చు పడుతుందో తెలీదు. ఆయనకి చేతిలో పట్టుకున్న అసలు బట్ట ఉంది, మీకు ఆయన బొమ్మ మాత్రమే ఉంది. బోర్డర్ డిజైన్లకి వాడుకోండి, మనిషిని గీయడానికి వద్దు.

సరే, గీయడం దగ్గరికొద్దాం. మంచి పేపర్ తీసే ముందు ఒక చార్ట్ వేయండి, నిలువుగా పాత్రలు, అడ్డంగా సీన్లు, ఎవరు ఎక్కడ ఎవరితో కలిసి ఉంటారో టిక్ పెట్టండి. చిన్న పని అనిపిస్తుంది గానీ, కుపావా, స్నెగూరొచ్కా పక్కపక్కన నిలబడే సీన్లు ఎన్నున్నాయో అప్పుడే తెలుస్తుంది, ఇద్దరి రంగులూ దాన్నిబట్టే. తర్వాత అగ్గిపెట్టె సైజులో అందరివీ నల్ల ఆకారాలు మాత్రం, కళ్లూ ముక్కూ లేకుండా, ఒకే గీత మీద వరసగా వేయండి. కళ్లు చికిలించి చూస్తే ఎవరెవరో తెలియాలి. తెలియకపోతే ఏ ఎంబ్రాయిడరీ మిమ్మల్ని కాపాడదు. ఈ మెట్టు మీద ఎన్నిరోజులైనా ఖర్చుపెట్టండి, మిగతాది త్వరగా అయిపోతుంది.

ఫైనల్ స్కెచ్‌లో మనిషి ఏడున్నర తలల ఎత్తే ఉండాలి, వీలైతే ఆ వేషం వేసే నటుడి ఒళ్లే గీయండి. ముందువైపుతో పాటు వెనకవైపు చిన్నదిగా, తలకట్టు పక్కన పెద్దదిగా, లోపలి పొర ఏమిటో, ఎక్కడ తెరుచుకుంటుందో, హుక్కా వెల్క్రోనా, చెప్పులేమిటో, ఇవన్నీ అదే కాగితం మీద. బట్ట ముక్కలు పిన్ చేయండి. సీన్ మధ్యలో త్వరగా మార్చుకోవాలంటే ఆ సంగతి ఎర్రగా రాయండి. అందమైన పెయింటింగ్ వేసి ఇస్తే కటింగ్ మాస్టర్ మర్యాదగా తలూపి తనకి తోచింది కుడతాడు, తప్పు ఆయనది కాదు. ఇంకో చిట్కా, మంచు, స్నెగూరొచ్కాల స్కెచ్‌లు తెల్లకాగితం మీద వేయకండి, బూడిదరంగు లేదా లేతనీలం కాగితం తీసుకుని తెల్ల గౌష్‌తో వేయండి, తెలుపులో ఎన్ని రకాలున్నాయో అప్పుడు చూపించగలరు.

లైటింగ్ మర్చిపోయి రంగులు తేల్చొద్దు. ప్రోలోగ్ అంతా శీతాకాలపు రాత్రి, ఎవరు లైటింగ్ చేసినా నీలమే కొడతారు. నీలం వెలుతురులో ఎర్ర ఎంబ్రాయిడరీ నల్లగా కనిపిస్తుంది, బంగారు జరీ చచ్చిపోతుంది, వెండి మెరుస్తుంది. అందుకే మంచుకి వెండి, రాజుకి బంగారం. పాలతెలుపు పాలియెస్టర్ లైటు కింద మంటలా కొట్టి నటి మొహాన్ని మింగేస్తుంది, కాబట్టి ఊరివాళ్లకి చలువ చేయని ముడి రంగు నూలు, పొందూరు ఖద్దరులాంటి చేతినేత అయితే మరీ మంచిది, స్నెగూరొచ్కాకి మాత్రం నీలం ఛాయ ఉన్న తెలుపు. ఇద్దరూ తెలుపే వేసుకున్నా ఎవరు చలికి పుట్టారో తెలుస్తుంది. బొచ్చు విషయంలో జాగ్రత్త, కృత్రిమ బొచ్చు కోటులో మన హాళ్లలో, అందులోనూ లైట్ల కింద, నటుడు అరగంట ఉండలేడు. అంచులకి, కాలర్‌కి మాత్రం బొచ్చు పెట్టి మిగతాది దూది కుట్టిన పల్చటి బట్టతో లాగించండి. తలకట్టు బక్రం (గంజిపెట్టిన గట్టి బట్ట) మీద కట్టండి, కింద నుదుటికి మెత్తటి పట్టీ, బరువు ముందుకి కాకుండా వెనక్కి పడేలా. పెట్టుకుని వంగి లేచి చూడకుండా ఏదీ ఫైనల్ చేయకండి. నారచెప్పులకి జనపనార తాడు, కాళ్లకి తెల్లగుడ్డ చుట్టడం, చాలు.

రిఫరెన్సుకి బొమ్మల వెబ్‌సైట్ల కన్నా రెండు మంచి చోట్లున్నాయి. ప్రొకూదిన్-గోర్‌స్కీ అనే రష్యన్ ఫొటోగ్రాఫర్ 1909 ప్రాంతంలో తీసిన కలర్ ఫొటోలు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో ఉచితంగా చూడొచ్చు. షెక్స్నా నది దగ్గర పల్లెలో పళ్లు పట్టుకుని నిలబడ్డ ముగ్గురు అమ్మాయిల ఫొటో వెతకండి, నిజంగా తొడుక్కున్న బట్ట ఎలా ముడతపడుతుందో, పండగ రంగు ఎంత ఘాటుగా ఉంటుందో ఒక్కదాన్లో కనిపిస్తుంది. రెండోది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని రష్యన్ ఎథ్నోగ్రఫీ మ్యూజియం, ఏ ఊరిది ఏ వేషమో వివరంగా ఉంటుంది. స్టేజీ స్కెచ్‌లకి మాస్కో బఖ్రూషిన్ థియేటర్ మ్యూజియం, అసలు కాస్ట్యూమ్‌లకి కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ. ప్రతి స్కెచ్ వెనక ఏ వస్తువు చూసి తీసుకున్నారో ఒక లైను రాసి పెట్టుకోండి, వైవాలో అక్కరకొస్తుంది.

ఇక బాబా యగా. ఈ నాటకంలో ఆమె లేదు, కాబట్టి పన్నెండులో కలపొద్దు, రష్యన్ అనగానే అన్నీ పోసేశారని అనుకుంటారు. మన ఇళ్లలో చాలామందికి విశాలాంధ్ర షాపుల్లో కొన్న సోవియట్ పిల్లల పుస్తకాల వల్ల ఆమె బాగా పరిచయం, ఆ మోజు నాకు అర్థమవుతుంది. పోర్ట్‌ఫోలియోలో అదనంగా వేరే షీట్ పెట్టాలనుకుంటే ఆమెకన్నా ఇంకో రష్యన్ జానపద కథలోని కప్ప యువరాణిని తీసుకోమంటాను. ఆమె విందులో మిగిలిన వైన్ చొక్కా ఎడమ స్లీవ్‌లో, ఎముకలు కుడి స్లీవ్‌లో పోసుకుని, డాన్సు చేస్తూ ఎడమ చెయ్యి విసిరితే చెరువు, కుడి చెయ్యి విసిరితే హంసలు వస్తాయి. రష్యన్ చొక్కాలకి నిజంగానే చేతికన్నా చాలా పొడుగైన స్లీవ్‌లుండేవి. అది కాస్ట్యూమే చేసే ఇంద్రజాలం, గీసేవాళ్లకి దానిలో బోలెడు పని ఉంది. బాబా యగానే కావాలంటే సరే, ఆమె ఎక్కి తిరిగే రోలు సెట్ వాళ్లకి వదిలేసి, కథల్లో చెప్పే ఆ ఎముక కాలు ఒక్కటీ ఎలా చేస్తారో తేల్చండి, ఒక కాలికి మేజోడు, రెండోదానికి చెక్కా, నడకే మారిపోతుంది కదా, నటితో మాట్లాడి చూడండి. నల్ల ఆకారాల షీట్ అయ్యాక పెట్టండి, రంగులు వేయకముందే చూస్తాను.